నాలుగు నెలలుగా డీప్ లెర్నింగ్ పాఠాలు చూస్తున్నాను, సొంతంగా నాలుగు వరుసల కోడు రాయలేకపోతున్నాను

పలక_బలపం
నేను ఎం.ఏ. తెలుగు. హైస్కూల్లో పదిహేనేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇంటర్‌లో హెచ్.ఇ.సి. కాబట్టి లెక్కలతో చుట్టరికం పదో తరగతితోనే తెగిపోయింది. నాలుగు నెలల క్రితం డీప్ లెర్నింగ్, అంటే ఉదాహరణలు చూపి కంప్యూటర్‌కు నేర్పించే విద్య, నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. ఎందుకో తర్వాత చెబుతాను, ఇప్పుడే చెబితే నవ్వుతారు.

ఆండ్రూ ఎన్‌జీ ఆన్‌లైన్ కోర్సులో మూడు వారాల పాఠాలు అయ్యాయి. త్రీ బ్లూ వన్ బ్రౌన్ అనే యూట్యూబ్ చానల్లో దీని మీద ఉన్న మొదటి నాలుగు వీడియోలు రెండేసి సార్లు చూశాను. పైథాన్ మీద ఒక తెలుగు యూట్యూబ్ పాఠాల వరుస మొత్తం పూర్తి చేశాను. చూస్తున్నంతసేపూ అరటిపండు ఒలిచి పెట్టినట్టే ఉంటుంది. వీడియో ఆపి, కోడు రాసి నడపడానికి గూగుల్ కోలాబ్‌లో ఖాళీ పేజీ తెరిస్తే చెయ్యి ఆడదు. "చదివాను టీచర్, పరీక్షలో గుర్తు రాలేదు" అని పిల్లలు చెబితే ఇన్నేళ్లూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నాను.

మధ్యలో ఒక శిక్షణ సంస్థవారు ఫోను చేసి 85 వేలు కడితే ఆరు నెలల్లో ఉద్యోగం ఖాయమన్నారు. నాకు ఉద్యోగం ఉందన్నాను. అయితే జీతం పెరుగుతుందన్నారు. సర్కారు బడి టీచరు జీతాన్ని పీఆర్సీ పెంచాలి గాని డీప్ లెర్నింగ్ పెంచుతుందా?

అడగదలచింది ఒకటే. వెనక్కి వెళ్లి లెక్కలన్నీ నేర్చుకుని రావాలా, లేక ఇది నాలాంటివాళ్లకు అయ్యే పని కాదా?

మాత్రిక_మావయ్య
అయ్యే పనే, దారి తప్పారంతే. పాత తెలుగు అకాడమీ ఇంటర్ గణితం పుస్తకాలు సంపాదించండి. 1ఎలో ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు చేయండి. 1బిలో అవధులు, అవకలనం. 2ఎలో సంభావ్యత. త్రికోణమితి వదిలేసినా కొంప మునగదు. రోజుకు గంట చొప్పున ఆరు నెలలు. ఆ తర్వాతే కంప్యూటర్ ముట్టుకోండి. రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ 1986లో నేచర్ పత్రికలో రాసిన బ్యాక్‌ప్రాపగేషన్ (తప్పును వెనక్కి పంచి సరిదిద్దుకునే పద్ధతి) వ్యాసం నాలుగే పేజీలు. అందులో ముక్కాలు భాగం అవకలనంలోని శృంఖల నియమమే.

కాఫీ_చల్లారింది
ఆరు నెలలు అభ్యాసాలు చేశాక కంప్యూటర్ ముట్టుకునే ఓపిక ఎవరికి మిగులుతుంది మావయ్య గారూ? నేనూ 1బితోనే మొదలుపెట్టాను. అవధుల దగ్గరే నా ఉత్సాహానికి అవధి వచ్చేసింది.

హడ్సన్_ఒడ్డున
నేను న్యూజెర్సీలో ఈ రంగంలోనే పని చేస్తున్నాను. మావయ్య గారి జాబితా సరైనదే, వరుసే తలకిందులైంది. అవసరం పడిన రోజున ఆ అధ్యాయం తెరిస్తే లెక్క ఒంటపడుతుంది. ఫాస్ట్ డాట్ ఏఐ కోర్సు అలాగే నడుస్తుంది. మొదటి పాఠంలోనే బొమ్మలను గుర్తించే మోడల్ చేయిస్తారు, లోపల ఏముందో మెల్లగా విప్పుతారు. దాన్ని చెప్పే జెరెమీ హోవర్డ్ డిగ్రీ చదివింది తత్వశాస్త్రంలో. 2024లో భౌతికశాస్త్రపు నోబెల్ పంచుకున్న హింటన్‌ది సైకాలజీ డిగ్రీ.

మాత్రిక_మావయ్య
హింటన్ ఆ తర్వాత ఎడిన్‌బరోలో కృత్రిమ మేధలో పిహెచ్.డి. చేశాడన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

హడ్సన్_ఒడ్డున
ఒప్పుకున్నాను. మరో మాట. ఫాస్ట్ డాట్ ఏఐ కూడా కాస్త కోడు రాయడం వచ్చినవాళ్ల కోసం చేసిన కోర్సే. టీచర్ గారు ఇబ్బంది పడుతున్నది అక్కడేనని నా అనుమానం. ఇది లెక్కల జబ్బు కాదు, పైథాన్ చేతి అలవాటు లేకపోవడం.

నిద్రలేని_నర్సు
రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికినప్పుడు నేర్చుకుంటున్నాను. నాదీ ఇదే గోల. ఒక చిన్న హెచ్చరిక. ఉచిత కోలాబ్‌లో మోడల్‌ను నడపడానికి పెట్టి పేషెంట్ దగ్గరకు వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కనెక్షన్ తెగిపోయింది, మూడు గంటల పని మాయం. మధ్యమధ్యలో డ్రైవ్‌లోకి భద్రపరచుకోండి.

పద్దుల_పిచ్చయ్య
నేను బి.కాం. రైస్ మిల్లులో పద్దులు రాస్తాను. టీచర్ గారి పరిస్థితి రెండేళ్ల కింద అచ్చంగా నాది. నాకు పని చేసింది చెబుతాను.

వీడియోలో చూపిన కోడును చూడకుండా తిరిగి రాయాలి. పది వరుసలు చాలు. రాదు. ఆగిపోయిన చోట చూసి, మూసి, మళ్లీ మొదటి నుంచి రాయాలి. మీరు పిల్లల చేత చూచిరాత మాన్పించి డిక్టేషన్ రాయిస్తారు కదా, అదే పద్ధతి. పని చేయడం మొదలయ్యాక కావాలని చెడగొట్టాలి. ఒక అంకె మార్చి ఏ తప్పు చూపిస్తుందో చూడాలి. నాకు మొదటి మూడు నెలల్లో వచ్చిన ఎర్ర సందేశాల్లో సగానికి పైగా ఆకారాలు, అంటే అడ్డం ఎన్ని నిలువు ఎన్ని అంకెలన్నది, కుదరనివే. 28 అడ్డం, 28 నిలువు ఉన్న బొమ్మను వరుసగా పరిస్తే 784 అంకెలు. మోడల్‌లో తర్వాతి పొర, అంటే తర్వాతి లెక్క మెట్టు, 784 కావాలని కూర్చుంటే మనం 28 అందిస్తాం. డెబిట్, క్రెడిట్ కుదరకపోతే ఎక్కడ వెతకాలో గుమాస్తాకు తెలుస్తుంది. అలాగే ప్రతి వరుస తర్వాతా ఆకారాన్ని ముద్రించి చూడటం అలవాటు చేసుకున్నాను. సగం భయం దానితోనే పోయింది.

85 వేలు మాత్రం కట్టకండి.

అమీర్‌పేట_బాధితుడు
నేను కట్టాను. 60 వేలు. చేతికి వచ్చింది ఒక సర్టిఫికెట్, ఒక టీ షర్టు. టీ షర్టు బాగుంది.

కాఫీ_చల్లారింది
ఐఐటీ మద్రాస్ మితేష్ ఖాప్రా గారి డీప్ లెర్నింగ్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉచితంగానే ఉన్నాయి. టీ షర్టు ఇవ్వరు.

మదనపల్లె_టమాటా
ఏ కోర్సు అని ఇంతమంది చెప్పారు, ఏ పని కోసం అని ఒక్కరూ అడగలేదు. నాది వ్యవసాయ డిప్లొమా. మా టమాటా తోటలో ఆకుల తెగుళ్లు గుర్తుపట్టాలని మొదలుపెట్టాను. ప్లాంట్‌విలేజ్ అని 54,306 ఆకుల ఫోటోల సేకరణ ఉంది. 14 పంటలు, 26 తెగుళ్లు. అందులో వరి లేదు, పత్తి లేదు, అదృష్టం కొద్దీ టమాటా ఉంది. ముందే శిక్షణ పొందిన మోడల్ తీసుకుని చివరి పొర మార్చి నేర్పిస్తే ఒక్క సాయంత్రంలో 98 శాతం వచ్చింది. ఇంట్లో జిలేబీలు పంచాను.

మర్నాడు తోటలోకి వెళ్లి ఫోనుతో ఫోటోలు తీశాను. మచ్చ లేని ఆకుకు కూడా తెగులు అంది. ఆ సేకరణలో ఒక్కొక్క ఆకునూ తెంపి సాదా నేపథ్యం మీద పెట్టి ఫోటో తీశారు. నా తోటలో ఆకు వెనుక మట్టి, ఊతకర్ర, మా నాన్న పంచె ఉన్నాయి. తర్వాత 2016లో వచ్చిన మూల వ్యాసం చదివితే వాళ్లే రాశారు. విడిగా ఉంచిన ఫోటోల మీద 99.35 శాతం వచ్చిందట, వేరే పరిస్థితుల్లో తీసినవాటి మీద 31 దగ్గరకు పడిపోయిందట. ఆ ఒక్క పేరా ముందే చదివి ఉంటే జిలేబీల ఖర్చు మిగిలేది. కానీ ఆ దెబ్బతో నేర్చుకున్నంత ఏ వీడియోలోనూ నేర్చుకోలేదు. టీచర్ గారూ, నవ్వము, ఎందుకో చెప్పండి.

పలక_బలపం
సరే. మా అమ్మ వాళ్ల నాన్న అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసేవారు. ఆయన చిట్టా పుస్తకాలు మూడు నా దగ్గర ఉన్నాయి, 1940లు, 50ల నాటివి. అంకెలన్నీ తెలుగు అంకెలే. ౧, ౨, ౩. మా అమ్మకు వాటిని కంప్యూటర్‌లో శుభ్రంగా చూపించాలని కోరిక. అదీ సంగతి.

నిద్రలేని_నర్సు
ఎవరు నవ్వుతారు దీనికి? నేనైతే ఏడ్చేలా ఉన్నాను.

కొత్త_కుండ
ఇంత కష్టం దేనికి? పేజీ ఫోటో తీసి ఏదో ఒక చాట్‌బాట్‌కు ఇస్తే చదివి పెడుతుంది కదా.

పలక_బలపం
ఇచ్చాను. పేజీలో లేని వరుసలు కూడా రెండు చదివింది. మా తాతయ్యకు ఇంకొంచెం వ్యాపారం కలిపి ఇచ్చింది.

హడ్సన్_ఒడ్డున
మీకు దొరికినది బంగారం. చాలా కోర్సులు ఎమ్‌నిస్ట్ అనే చేతిరాత అంకెల బొమ్మల సేకరణతో మొదలవుతాయి. 60,000 నేర్పడానికి, 10,000 పరీక్షించడానికి. అమెరికా జనగణన శాఖ ఉద్యోగులు, హైస్కూలు పిల్లలు రాసినవి. మీరు అదే పాఠాన్ని తీసుకుని వాళ్ల అంకెల స్థానంలో మీ తాతగారి అంకెలు పెట్టండి. ఒక్కొక్క అంకెను కత్తిరించి, 28 అడ్డం 28 నిలువుకు కుదించి, పది సంచుల్లో వేయండి. మొదట ఒకే పొర మోడల్ చాలు. 784ను పదితో గుణించి పది కలిపితే 7,850 సంఖ్యలు. మోడల్ నేర్చుకోవలసింది అంతే.

పలక_బలపం
ఆ 7,850 సంఖ్యలను అది ఎలా సరి చేసుకుంటుంది? చెప్పేవాళ్లందరూ పొగమంచులో కొండ దిగడం అంటున్నారు. నాకు ఆ కొండ ఎక్కడ ఉందో కనిపించడం లేదు.

కాఫీ_చల్లారింది
పప్పులో ఉప్పు. రుచి చూస్తాం, తక్కువైతే వేస్తాం, మళ్లీ చూస్తాం. రుచి చూసి ఎంత తప్పిందో తెలుసుకోవడం లాస్, ఎంత చిటికెడు అన్నది లెర్నింగ్ రేటు.

పలక_బలపం
ఎక్కువైతే? వేసిన ఉప్పు తీయగలమా?

కాఫీ_చల్లారింది
నీళ్లు పోస్తాం. సరే, ఓడిపోయాను.

మాత్రిక_మావయ్య
వీణ శ్రుతి చేయడం చూశారా? బిరడాను అటూ తిప్పవచ్చు, ఇటూ తిప్పవచ్చు. వినాలి, ఎంత తప్పిందో చూడాలి, తప్పు తగ్గే వైపు కొద్దిగా తిప్పాలి. ఎక్కువ తిప్పితే శ్రుతి దాటిపోతుంది, మళ్లీ వెనక్కి రావాలి. ఇప్పుడు వీణకు 7,850 బిరడాలు ఉన్నాయనుకోండి. ఏ బిరడా వల్ల అపశ్రుతి ఎంత వచ్చింది, దాన్ని ఎటు తిప్పాలి అన్నది ఒక్కొక్కటి పరీక్షించకుండా అన్నిటికీ ఒకేసారి తేల్చి చెప్పేదే అవకలనం. అందుకే 1బి చదవమంటున్నాను.

పలక_బలపం
మావయ్య గారూ, నాలుగు నెలల్లో మొదటిసారి కడుపు నిండింది. 1బి కొంటాను. కానీ ముందు కత్తిరింపులు చేస్తాను.

పద్దుల_పిచ్చయ్య
ఆ చిట్టాల పేజీలు నాకూ కొన్ని పంపుతారా? పాత పద్దులంటే నాకు పిచ్చి, పేరులోనే ఉంది.

పలక_బలపం
మూడు వారాల తర్వాత వస్తున్నాను. 1,240 అంకెలు కత్తిరించాను. దసరా సెలవులన్నీ దీనికే పోయాయి. మా పిల్లలిద్దరికీ వందకు పది రూపాయల చొప్పున కూలి ఇచ్చాను. పిచ్చయ్య గారి డిక్టేషన్ పద్ధతిలో కోడు చూడకుండా రాశాను, పదకొండోసారికి వచ్చింది. పరీక్షలో 93 శాతం! పై గదిలోంచి అరిస్తే మా ఆయన ఏమైందోనని పరిగెత్తుకు వచ్చారు.

మదనపల్లె_టమాటా
జిలేబీలు ఆపండి. పరీక్షకు అంకెలను ఎలా విడదీశారు?

పలక_బలపం
అన్నీ కలిపి కుదిపి, అయిదో వంతు పక్కన పెట్టాను. తప్పా?

మదనపల్లె_టమాటా
పిల్లవాడికి చెప్పిన లెక్కనే అంకె మార్చకుండా పరీక్షలో ఇచ్చారు. ఒకే పేజీ, ఒకే సిరా, ఒకే ఫోటో వెలుగు. పక్కపక్కన ఉన్న రెండు అంకెల్లో ఒకటి నేర్పడానికి, ఒకటి పరీక్షకు వెళ్లింది. రెండు పుస్తకాలతో నేర్పించి మూడోదానితో పరీక్షించండి.

హడ్సన్_ఒడ్డున
నిజం. ఎమ్‌నిస్ట్ కూర్చినవాళ్లు కూడా నేర్పే అంకెలు రాసినవాళ్లు, పరీక్ష అంకెలు రాసినవాళ్లు వేరువేరుగా ఉండేలా చూశారు.

పలక_బలపం
చేశాను. 66 శాతం. మూడో పుస్తకంలో తాతయ్య కలం మార్చారు, సిరా నీలం. నీరసం వచ్చింది గాని, మోడల్ బట్టీ పట్టిందని నా కళ్లతో చూశాను. ఓవర్‌ఫిట్టింగ్ అంటే ఇదేనా? మా తరగతిలో నలభై మంది చేసేది ఇదే, దానికి ఇంత పెద్ద పేరుందని తెలియదు.

తప్పుల పట్టిక వేస్తే ౨, ౩ ఒకదానికొకటి తారుమారు అవుతున్నాయి. ఇంకా చిత్రంగా చాలా అంకెలు ఎటూ తేలడం లేదు.

హడ్సన్_ఒడ్డున
కోడు ఎక్కడైనా చూసి తెచ్చారా? బొమ్మలను యాదృచ్ఛికంగా అటూ ఇటూ తిప్పే వరుస ఏదైనా ఉందా?

పలక_బలపం
ఉంది. పిల్లులను, కుక్కలను గుర్తించే పాఠంలోంచి తెచ్చాను. బొమ్మల సంఖ్య పెరుగుతుందన్నారు.

హడ్సన్_ఒడ్డున
అదే. పిల్లిని అద్దంలో చూసినా పిల్లే. ౨ను అద్దంలో చూస్తే అది ఏ అంకే కాదు. ఆ వరుస తీసేయండి. కొద్దిగా వంచడం, కొద్దిగా జరపడం ఉంచండి. రంగు తీసేసి నలుపు తెలుపుగా మార్చండి, సిరా గొడవ కూడా తగ్గుతుంది.

పలక_బలపం
85! శాతం! 85 వేలు కట్టకుండానే!

అమీర్‌పేట_బాధితుడు
గాయం మీద కారం చల్లారు.

పద్దుల_పిచ్చయ్య
టీచర్ గారూ, మీరు పంపిన ఆరు పేజీలను మీ మోడల్ చదివిన ఫలితాలతో పోల్చి చూశాను. ఏ పేజీ మొత్తమూ కుదరడం లేదు. ఒకటీ అరా తేడా అయితే ఏదో ఒక అంకె తప్పు చదివిందనుకుంటాం. ఇక్కడ వందల్లో తేడా. రెండో పేజీలో పన్నెండు రూపాయల బెల్లం పన్నెండు వందల ఇరవై ఒక్క రూపాయలైంది. అసలు ఫోటోలో ౧౨ తర్వాత రెండు నిలువు గీతలు, ఒక అడ్డగీత ఉన్నాయి. అవి అంకెలు కావు. మా మిల్లు యజమాని తండ్రిగారి కాలం నాటి పుస్తకాల్లో చూశాను. నిలువు గీత నాలుగో వంతు, అడ్డగీత వీసం, అంటే పదహారో వంతు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి నిలువు గీత పావలా, అడ్డగీత అణా. ఆ వరుస పన్నెండు రూపాయల తొమ్మిది అణాలు. 1957లో నయా పైసలు వచ్చేదాకా రూపాయి లెక్క అణాల్లోనే కదా.

పలక_బలపం
నేను వాటిని సిరా మరకలనుకున్నాను! తెలుగు ఎం.ఏ.! మోడల్ మాత్రం రెండు నిలువు గీతలను ౨ అనీ, అడ్డగీతను ౧ అనీ చదివింది. అదీ 97 శాతం నమ్మకంతో. తెలియకపోతే తెలియదని చెప్పవచ్చు కదా?

హడ్సన్_ఒడ్డున
చెప్పలేదు. చివర ఉన్న సాఫ్ట్‌మ్యాక్స్ అనే మెట్టు తన నమ్మకాన్ని మొత్తం ఒకటి అయ్యేలా పది అంకెలకే పంచుతుంది. పదకొండో కుర్చీ లేదు.

పలక_బలపం
అర్థమైంది. పదిమంది పేర్లే ఉన్న హాజరు పట్టీ ఇచ్చి, బడిలోకి దూరిన మేకకు కూడా ఎవరో ఒకరి పేరు మీద హాజరు వేయమన్నట్టు.

మాత్రిక_మావయ్య
నేను ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పాను. సాఫ్ట్‌మ్యాక్స్‌ను ఇంతకన్నా బాగా చెప్పలేను.

హడ్సన్_ఒడ్డున
ఆ గీతలకు యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు వాడే అక్షరాల పట్టికలో, విడిగా చోటు కూడా ఉంది, 2008లో 5.1 కూర్పుతో చేర్చారు. మూడు నిలువు గుర్తులు, మూడు అడ్డ గుర్తులు. పది అంకెలకు ఆ ఆరూ కలపండి, మరకలకు ఒక సంచి. మొత్తం పదిహేడు.

నిద్రలేని_నర్సు
మేక సంచి.

పలక_బలపం
మేక సంచితో సహా పదిహేడు పెట్టి మళ్లీ నేర్పించాను. ఇంకో 400 కత్తిరింపులు. పిల్లలు కూలి రేటు పెంచమన్నారు, పెంచాను. మూడో పుస్తకం మీద 88 శాతం. అనుమానం ఉన్నవాటిని విడిగా చూపించేలా చేసి, అవి నేనే చదివి దిద్దాను. పిచ్చయ్య గారికి ఇరవై పేజీలు పంపాను. 1బి కూడా కొన్నాను మావయ్య గారూ, అవకలనం దాకా వచ్చాను.

పద్దుల_పిచ్చయ్య
ఇరవైలో పంతొమ్మిది పేజీలు అణాతో సహా కుదిరాయి. 14వ పేజీలో మూడు అణాల తేడా ఉంది. ప్రతి గుర్తునూ భూతద్దం పెట్టి చూశాను. మోడల్ చదివినది సరిగ్గానే ఉంది. మీ తాతగారే కూడికలో మూడు అణాలు పొరపడ్డారు.

పలక_బలపం
అమ్మకు చెప్పాను. "మా నాన్న లెక్క తప్పడు, నీ మిషనే తప్పు" అంది.